ఆన్‌సైట్ ప్రయాణం: టికెట్టు మీది తేదీ వెనక ఎన్ని లెక్కలు!

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న అబ్బాయికో అమ్మాయికో ఆన్‌సైట్ ఖాయమైందనగానే అందరూ అడిగేది ఒక్కటే: బయల్దేరేది ఎప్పుడు? ఇంట్లో పెద్దవాళ్లు పంచాంగం తీస్తారు. మహాలయ పక్షాల్లో ప్రయాణమేమిటి, దసరా వెళ్లాక చూసుకోమంటారు. ఆడిటర్ గారు సెప్టెంబర్ దాటనివ్వొద్దంటారు. కంపెనీలో ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసేవాళ్లు వీసా స్టాంపింగ్ అయ్యేదాకా ఏ తేదీ చెప్పలేమంటారు. మేనేజర్ మాట వేరు: "ముందు కేటీ పూర్తి చెయ్, రిలీజ్ సంగతి తర్వాత మాట్లాడదాం."

నాలుగు వైపుల నుంచి నాలుగు క్యాలెండర్లు. పంచాంగానికి పెద్దల మాట దన్నుగా ఉంటుంది. పన్నుకూ వీసాకూ చట్టాలున్నాయి. టీమ్ పనికి మాత్రం అడిగే నాథుడు లేడు. అందుకే తేదీలు ఢీకొన్నప్పుడల్లా నలిగేది కేటీ, అంటే పని అప్పగింతల, గడువే. ఆ నలుగుడు ఊరికే పోదు. డాలస్‌లోనో టొరంటోలోనో దిగిన మొదటి నెలలో రాత్రి రెండింటికి మోగే ఫోనై తిరిగొస్తుంది.

ఇది నలుగురైదుగురి సమస్య కాదు. 2022-23లో తెలంగాణ ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలని, ఆ రంగంలో 9,05,715 మంది పనిచేస్తున్నారని రాష్ట్ర ప్రభుత్వం లెక్కతేల్చింది. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా ఆమోదించిన హెచ్-1బి దరఖాస్తుల్లో 71 శాతం భారతీయులవే. ఇక్కడ ఒక టీమ్‌లో పని ముగించి అక్కడ మరో టీమ్‌లో చేరడం మన ఊళ్లలో ఇంటింటి వ్యవహారమైపోయింది. కాబట్టి ఏ క్యాలెండర్ ఏం అడుగుతోందో అంకెలతో చూద్దాం. ఉదాహరణలకు 2026 క్యాలెండర్ తీసుకుందాం.

181 రోజులు: సెప్టెంబర్ 28 ఎందుకంత ముఖ్యం?

మన దేశంలో పన్ను సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. ఆ ఏడాదిలో 182 రోజులు లేదా అంతకుమించి ఇక్కడ ఉంటే మీరు రెసిడెంట్. ఇక్కడే పుట్టి పెరిగిన ఉద్యోగి రెసిడెంట్ అయితే, ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఆ ఆదాయం మన పన్ను లెక్కలోకి వస్తుంది. నాన్ రెసిడెంట్ అయితే విదేశంలో చేసిన పనికి విదేశంలో అందుకున్న జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను చట్టం-2025లోనూ ఈ 182 రోజుల సూత్రం అలాగే కొనసాగుతోంది.

ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జులై 31, ఆగస్టు 31. మొత్తం 153 రోజులు. దానికి సెప్టెంబర్‌లో 28 కలిపితే 181. అంటే సెప్టెంబర్ 28న దేశం దాటితే నాన్ రెసిడెంట్, 29న దాటితే రెసిడెంట్. మధ్యలో ఫిబ్రవరి లేదు కాబట్టి లీపు సంవత్సరమైనా ఈ తేదీ మారదు. బయల్దేరిన రోజును ఇక్కడ ఉన్న రోజుగానే లెక్కేసుకోవడం క్షేమం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు తెల్లవారుజామున బయల్దేరతాయి. "28 రాత్రి ఫ్లైట్" అని ఇంట్లో అనుకున్నది టికెట్టు మీద 29వ తేదీ 3 గంటలుగా ఉంటుంది. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఎయిర్‌పోర్టుకు చేరింది 28నే. కానీ అర్ధరాత్రి దాటాక పాస్‌పోర్టు మీద ఇమిగ్రేషన్ ముద్ర పడితే అందులో ఉండే తేదీ 29. మూడు గంటల తేడాతో ఏడాది మొత్తం లెక్క తారుమారవుతుంది.

రెండో మెలిక సంక్రాంతి. సెప్టెంబర్ 15న వెళ్లినవాళ్లకు 168 రోజులు. హమ్మయ్య అనుకుని జనవరిలో పండక్కి 20 రోజులు వస్తే మొత్తం 188. మళ్లీ రెసిడెంటే. వెళ్లేనాటికి ఎన్ని రోజులన్నది సగం లెక్క మాత్రమే. మార్చి 31 దాకా వచ్చిపోయిన ప్రతి రోజూ అందులో కలుస్తుంది.

రెసిడెంట్ అయితే రెండుసార్లు పన్ను కట్టాలా? పూర్తిగా కాదు. అమెరికాలో కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి మినహాయించుకోవచ్చు. అయినా తేడా మిగులుతుంది. ఏడాదికి 1,20,000 డాలర్ల జీతంతో అక్టోబర్‌లో చేరితే డిసెంబర్ వరకు చేతికొచ్చేది 30,000 డాలర్లు. అమెరికాది జనవరి-డిసెంబర్ పన్ను సంవత్సరం. అక్కడ 2025 శ్లాబుల ప్రకారం ఒంటరి వ్యక్తికి 48,475 డాలర్ల వరకు ఫెడరల్ పన్ను రేటు 12 శాతం దాటదు. అదే 30,000 డాలర్లు ఇక్కడి ఆరు నెలల జీతం మీద, జనవరి-మార్చి డాలర్ జీతంతో కలిసి కూర్చుంటే, 24 లక్షల రూపాయలు దాటిన భాగానికి మన కొత్త విధానంలో 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. 12కూ 30కీ మధ్య ఉన్న తేడా ఇక్కడ కట్టాల్సిందే.

ఈ 182 రోజుల వెసులుబాటు ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లేవారికే. క్లయింట్ మీటింగుకో వర్క్‌షాపుకో వెళ్లొచ్చే బిజినెస్ ట్రిప్పు దీని కిందికి రాదు. వాళ్లకు వర్తించేది వేరే సూత్రం: అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉండి, ఈ ఏడాది 60 రోజులున్నా చాలు, రెసిడెంటే. ఏప్రిల్ 1 నుంచి లెక్కపెడితే మే 30తోనే ఆ 60 నిండిపోతాయి.

8 రోజుల సందు: వీసా ఏమంటుంది?

కొత్తగా హెచ్-1బి వచ్చినవాళ్లకు అమెరికాలో పని మొదలయ్యే తేదీ సాధారణంగా అక్టోబర్ 1. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. మార్చిలో రిజిస్ట్రేషన్, ఎంపికైనవాళ్లకు ఏప్రిల్ 1 నుంచి కనీసం 90 రోజుల దరఖాస్తు గడువు. అనుమతి మొదలయ్యే తేదీకి 10 రోజుల ముందు నుంచే అమెరికాలో అడుగుపెట్టనిస్తారు. అయితే అక్టోబర్ 1 దాకా పని చేయకూడదు.

ఈ రెండు నిబంధనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. సెప్టెంబర్ 21కి ముందు అమెరికా రానివ్వదు. సెప్టెంబర్ 28 తర్వాత మన పన్ను చట్టం వదలదు. మిగిలింది 8 రోజులు. సెప్టెంబర్ ఆఖరి వారంలో హైదరాబాద్ నుంచి టికెట్ల కోసం ఎగబడేవాళ్లలో కొందరిని తరుముతున్నది ఈ సందే. 2026లో వినాయక చవితి సెప్టెంబర్ 14న, నిమజ్జనాలు 25 ప్రాంతంలో, ఆ వెంటనే మహాలయ పక్షాలు, దసరా అక్టోబర్ 20న. పెద్దల మాట విని దసరా తర్వాత బయల్దేరితే రెసిడెంట్ హోదా తప్పదు. ఇందులో ఏది ముఖ్యమన్నది ఎవరి ఇంట్లో వాళ్లు తేల్చుకోవాల్సిందే. కాకపోతే ఆ మాట ఏప్రిల్‌లో అనుకుంటే ఇంట్లో సర్దుకోవచ్చు. సెప్టెంబర్ 20న అనుకుంటే గొడవే.

2025 సెప్టెంబర్ 21 నుంచి ఏడాది కాలానికి వర్తించేలా అమెరికా అధ్యక్షుడు ఇచ్చిన ఉత్తర్వు, దేశం బయట ఉన్నవారికి వేసే కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల చెల్లింపు పెట్టింది. దాంతో సొంత ఉద్యోగిని పంపాలనుకునే కంపెనీల చూపు ఎల్-1 వైపు మళ్లింది. ఎల్-1కు లాటరీ లేదు, అక్టోబర్ 1 అనే కట్టుబాటూ లేదు. కానీ గత మూడేళ్లలో కనీసం ఒక ఏడాది విరామం లేకుండా అదే సంస్థకు విదేశంలో పనిచేసి ఉండాలి. మేనేజర్ల ఎల్-1ఎకు గరిష్ఠంగా 7 ఏళ్లు, ప్రత్యేక నైపుణ్యం ఉన్నవారి ఎల్-1బికి 5 ఏళ్లు. హెచ్-1బికి మూడేసి ఏళ్ల చొప్పున 6.

స్టాంపింగ్ సంగతి. దరఖాస్తు రుసుము 205 డాలర్లు. ముందు వేలిముద్రలకో రోజు, నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకో రోజు. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి, వారి కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను కూడా పరిశీలించడం మొదలుపెట్టారు. అప్పుడు డిసెంబర్‌లో ఉన్న చాలామంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వెనక్కి వెళ్లాయి. కాబట్టి ఇంటర్వ్యూ తేదీని నమ్ముకుని టీమ్‌కు రిలీజ్ డేట్ చెప్పడం సాహసమే. ఇంకో చిన్న విషయం: పాస్‌పోర్టు గడువు వీసా గడువు కన్నా ముందే ముగిసేలా ఉంటే, అమెరికాలో దిగేటప్పుడు పాస్‌పోర్టు ముగిసే తేదీ వరకే ఉండనిచ్చే అవకాశం ఉంది. వెళ్లే ముందే రెన్యూ చేయించుకుంటే ఆ చిక్కుండదు. 36 పేజీల పాస్‌పోర్టుకు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000.

90 రోజుల నోటీసు అసలు ఎన్ని రోజులు?

అదే కంపెనీ పంపిస్తే నోటీసు ఉండదు, ప్రాజెక్టు నుంచి రిలీజ్ మాత్రమే. వేరే సంస్థలో చేరడానికి వెళ్తుంటే రాజీనామా, నోటీస్ పీరియడ్, రిలీవింగ్ లెటర్. మన ఐటీ కంపెనీల్లో 60 రోజుల నోటీసు కనిపిస్తుంది, 90 ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది.

సెప్టెంబర్ 28 నుంచి 90 రోజులు వెనక్కి వెళ్తే జూన్ 30. ఆ రోజు రాజీనామా మెయిల్ పెట్టారనుకుందాం. 2026లో జులైలో పనిదినాలు 23, ఆగస్టులో 21, సెప్టెంబర్ 28 వరకు 20. మొత్తం 64. శనాదివారాలు పోయాక 90 కాస్తా అక్కడికి దిగింది. ఇందులోంచి వినాయక చవితికి ఒకటి, వీసా పనులకు రెండు, సొంతూరు వెళ్లి రావడానికి ఐదు, ల్యాప్‌టాప్ అప్పగించి నో డ్యూస్ సంతకాలు తెచ్చుకునే ఆఖరి రోజు ఒకటి తీసేయండి. 55.

ఆ 55 కూడా అప్పగింతలకు దొరకవు. మీ స్థానంలోకి వచ్చే మనిషిని, అంటే బ్యాక్‌ఫిల్‌ను, చూపించాలి కదా. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాళ్ల ప్రొఫైల్స్ చూడటం, క్లయింటు ఇంటర్వ్యూ, అతని బిల్లింగ్ ఎప్పటినుంచన్న చర్చ. దీనికే నాలుగు వారాలు పడితే 20 పనిదినాలు పోయినట్టే. మిగిలేవి 35. రెండు వారాల స్ప్రింట్లు నడిపే టీమ్‌కు అవి మూడున్నర స్ప్రింట్లు. ఆ 35లోనూ మీరు రోజంతా కేటీ చెబుతూ కూర్చోరు. డెలివరీ ఎలాగూ ఉంటుంది.

జూన్ 30న చేతిలో ఉన్నట్టు కనిపించిన మూడు నెలలు ఇలా ఏడు వారాలకు కరిగిపోతాయి. దీన్ని మేనేజర్లూ తక్కువ అంచనా వేస్తారు, వెళ్లేవాళ్లూ తక్కువ అంచనా వేస్తారు.

28 గీతలు: ఒక మనిషి వెళ్తే టీమ్‌లో ఎంత పోతుంది?

ఎనిమిది మంది ఉన్న టీమ్‌ను కాగితం మీద ఎనిమిది చుక్కలుగా పెట్టి, ప్రతి ఇద్దరినీ ఒక గీతతో కలపండి. మొత్తం 28 గీతలు వస్తాయి. మనుషుల సంఖ్యను దానికంటే ఒకటి తక్కువ సంఖ్యతో గుణించి సగం చేస్తే వచ్చేదే ఇది. ఐదుగురికి 10, పది మందికి 45. ఐబీఎంలో ఓఎస్/360 నిర్మాణాన్ని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో వచ్చిన 'ది మిథికల్ మ్యాన్-మంత్' పుస్తకంలో ఈ లెక్కను చూపించాడు. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్త మనుషుల్ని చేర్చితే అది ఇంకా ఆలస్యమవుతుందన్న ఆయన సూత్రం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఎనిమిది మందిలోంచి ఒకరు వెళ్తే 7 గీతలు తెగుతాయి. వచ్చినవాడు ఆ ఏడింటినీ మొదట్నుంచీ వేసుకోవాలి. డాక్యుమెంట్లు రాసి పెట్టేశాం, రికార్డింగులు ఉన్నాయి, చూసుకుంటాడులే అనుకోవడంలో ఉన్న లోపం ఇదే. కోడ్ ఏం చేస్తుందో డాక్యుమెంటులో ఉంటుంది. టెస్టింగ్ చూసే ఆవిడకు సాయంత్రం ఐదు తర్వాత బిల్డ్ ఇస్తే మర్నాటికి గానీ చూడరని అందులో ఉండదు. క్లయింటు వైపు డేటాబేస్ వ్యవహారాలు చూసే పెద్దాయన మెయిల్‌కు జవాబివ్వడు, చాట్‌లో అడిగితే నిమిషంలో చేసిపెడతాడని కూడా ఉండదు.

20 పనిదినాల కేటీని నాలుగు వారాలుగా విడగొట్టడం చాలా చోట్ల నడిచే పద్ధతే. మొదటి వారం మీరు చేస్తుంటే కొత్తవాడు పక్కన కూర్చుని చూస్తాడు. దాన్నే షాడో అంటారు. రెండో వారం ఇద్దరూ కలిసి చేస్తారు. మూడో వారం అతను చేస్తుంటే మీరు చూస్తారు, అది రివర్స్ షాడో. నాలుగో వారం అతను ఒక్కడే చేస్తాడు, మీరు అడిగితేనే పలుకుతారు. ఈ నాలుగో వారాన్నే అందరూ ఎగ్గొడతారు. నిజానికి ఏం చెప్పలేదో బయటపడేది ఆ వారంలోనే.

ఇక్కడ క్యాలెండర్ పెట్టే చిక్కు ఒకటి చూడాలి. బ్యాంకింగ్, బీమా, రిటైల్ ప్రాజెక్టుల్లో నెలాఖరు రాత్రి మాత్రమే నడిచే బ్యాచ్ జాబులుంటాయి. మూడు నెలలకోసారి నడిచేవీ ఉంటాయి. క్యాలెండర్ ఏడాది మూడో త్రైమాసికం ముగిసేది సెప్టెంబర్ 30న. మీరు వెళ్లేది 28లోపు. అంటే క్వార్టర్ ఎండ్ జాబ్‌ను కొత్తవాడు మొదటిసారి చూసేది మీరు విమానం దిగి జెట్ లాగ్‌తో పడుకున్న రాత్రి. దానికి ముందరి క్వార్టర్ ఎండ్ జూన్ 30, సరిగ్గా మీరు రాజీనామా పెట్టిన రోజు. అప్పటికి బ్యాక్‌ఫిల్ ఎవరో కూడా తెలియదు.

కాబట్టి జులై 31, ఆగస్టు 31 నెలాఖర్లే మీకున్న అవకాశాలు. వీటిలో ఆగస్టు 31 రాత్రి జాబ్‌ను కొత్తవాడి చేతే నడిపించాలి. త్రైమాసిక జాబ్‌లో అదనంగా ఉండే దశలను విడిగా రాసి, టెస్ట్ వాతావరణంలో ఒకసారి నడిపించి చూపించాలి. మీ ప్రాజెక్టులో ఏడాదికోసారి వచ్చే పనులేమిటో కూడా రాసుకోండి. గడువు తీరే సెక్యూరిటీ సర్టిఫికెట్లు, లైసెన్స్ రెన్యువళ్లు, డిసెంబర్‌లో క్లయింటు విధించే కోడ్ ఫ్రీజ్. 20 రోజుల కేటీలో ఇవేవీ కళ్లముందు జరగవు, జరగవు కాబట్టే గుర్తుకూ రావు.

10:30 గంటల దూరం

వెళ్లాక కూడా అడగొచ్చులెమ్మన్న ధీమా కొత్తవాళ్లకు ఉంటుంది. ఎంతసేపు అడగగలరో చూద్దాం. వేసవి సమయంలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ ఉదయం 9 అయితే ఇక్కడ రాత్రి 7:30. హైదరాబాద్ టీమ్ ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు పనిచేస్తే ఇద్దరికీ ఉమ్మడిగా ఉండే సమయం సున్నా. మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 షిఫ్టు అయితే గంటన్నర.

నవంబర్ మొదటి ఆదివారం అమెరికా గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. తేడా పదకొండున్నర గంటలవుతుంది, డాలస్‌లో 9 అంటే మనకు 8:30. ఆ గంటన్నర కాస్తా అరగంటకు తగ్గుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. కాలిఫోర్నియా అయితే తేడా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర. అక్కడ 9 అంటే ఇక్కడ రాత్రి పదిన్నర.

ఇన్నాళ్లూ పక్క కుర్చీలో రోజంతా అందుబాటులో ఉన్న మనిషి ఒక్కసారిగా రోజుకు అరగంట మనిషైపోతాడు. పైగా ఆ అరగంటలో అతనికి కొత్త టీమ్ స్టాండప్ ఉంటుంది. సందేహాలన్నీ వెళ్లేలోగానే తీరాలని అనేది అందుకే.

డబ్బు లెక్కలు: పీఎఫ్, బ్యాంకు, గ్రాట్యుటీ

పన్ను చట్టానికి 182 రోజులు కావాలి గానీ విదేశీ మారక చట్టం ఫెమాకు అవసరం లేదు. ఉద్యోగం కోసం దేశం విడిచారంటే ఆ చట్టం దృష్టిలో అప్పటినుంచే నాన్ రెసిడెంట్. పన్ను దృష్టిలో రెసిడెంట్‌గా ఉంటూనే ఫెమా దృష్టిలో ఎన్నారై కావచ్చు. కాబట్టి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి. ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతం, ఆపై సెస్సు, టీడీఎస్‌గా కోస్తారు. విదేశీ సంపాదన వేసుకునే ఎన్ఆర్ఈ ఖాతా వడ్డీకి పన్ను లేదు. ఉన్న పీపీఎఫ్‌ను 15 ఏళ్ల గడువు తీరేదాకా కొనసాగించవచ్చు, కొత్తది తెరవడానికి లేదు.

పీఎఫ్‌లో ఉద్యోగి వాటా 12 శాతం. యజమాని వాటాలోంచి పింఛను పథకానికి వెళ్లేది జీతం పరిమితి 15,000 మీద 8.33 శాతం, అంటే నెలకు 1,250 రూపాయలు. ఆ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. ఇక్కడి కంపెనీ పంపించే దేశాన్ని బట్టి మరో లెక్క ఉంది. జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, జపాన్, కెనడా, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా వంటి దేశాలతో మనకు సామాజిక భద్రత ఒప్పందాలున్నాయి. బయల్దేరే ముందు ఈపీఎఫ్ఓ నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీసుకుంటే నిర్ణీత కాలం అక్కడ చందా కట్టక్కర్లేదు. అమెరికాతో అలాంటి ఒప్పందం లేదు. అక్కడ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం, మొత్తం 7.65 శాతం పోతుంది. సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలంటే 40 త్రైమాసికాల చందా, అంటే దాదాపు పదేళ్ల ఉద్యోగం ఉండాలి. ఆరేళ్ల హెచ్-1బి ముగించుకుని తిరిగొచ్చేవాళ్లకు ఆ పదేళ్లు నిండవు.

రాజీనామా చేసి వెళ్లేవాళ్లు గ్రాట్యుటీ కూడా చూసుకోవాలి. పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్ల నిరంతర సర్వీసు ఉంటే, ఆఖరి మూల వేతనాన్ని 15తో గుణించి 26తో భాగించి, ఏళ్లతో హెచ్చవేస్తారు. 52,000 రూపాయల మూల వేతనానికి ఏడాదికి 30,000, ఐదేళ్లకు లక్షన్నర. ఐదేళ్లు నిండటానికి కొద్ది వారాలే ఉన్నాయంటే ఆఖరి పనిదినాన్ని ఎక్కడ పెట్టుకోవాలో హెచ్‌ఆర్‌తో మాట్లాడుకున్నాకే రాజీనామా మెయిల్ పంపాలి.

జేబులో పెట్టుకెళ్లే డబ్బుకూ హద్దుంది. విదేశీ కరెన్సీ నోట్లు ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు, మన నోట్లు 25,000 రూపాయల వరకు. మిగతాది ఫారెక్స్ కార్డులో. ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఒక ఏడాదే చెల్లుతుంది.

అటు నుంచి ఇటు వచ్చి వెళ్లేవాళ్లకు

ఇదే ప్రయాణం తిరగేసి చేసే తెలుగువాళ్లూ తక్కువేం కాదు. విదేశీ సంస్థ తరఫున నెలో రెండు నెలలో హైదరాబాద్ టీమ్‌తో కూర్చుని పని ముగించి, అక్కణ్నుంచి ఇంకో దేశం వెళ్లేవాళ్లు. విదేశీ పౌరులైతే చూసుకోవాల్సిన మొదటి అంకె 90. విదేశీ సంస్థకు ఇక్కడ వ్యాపారం లేకపోతే, ఆ ఏడాదిలో మొత్తం 90 రోజులు మించకుండా ఉంటే, ఇక్కడ చేసిన పని తాలూకు జీతానికి మినహాయింపు దొరుకుతుంది. జీతం ఖర్చును ఇక్కడి పన్ను లెక్కలో చూపించకూడదన్న షరతు కూడా ఉంది. మనకు ఒప్పందాలున్న అమెరికా, బ్రిటన్, సింగపూర్ వంటి దేశాల నుంచి వచ్చేవాళ్లకు షరతులతో 183 రోజుల వెసులుబాటు ఉంది. 180 రోజులకు మించిన ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద వచ్చినవాళ్లు దిగిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్ఆర్ఆర్ఓ దగ్గర నమోదు చేసుకోవాలి. ఓసీఐ కార్డున్నవాళ్లకు ఈ నమోదు లేదు గానీ పన్ను లెక్క తప్పదు.

వెనక్కి లెక్కపెడితే

ఇప్పుడు అన్నిటినీ ఒక వరసలో పెడదాం. పన్ను గడువు సెప్టెంబర్ 28, సోమవారం. విమానం రద్దయినా, అర్ధరాత్రి ముద్ర మెలిక వచ్చినా ఇబ్బంది లేకుండా మూడు రోజులు వదిలి టికెట్టు 25, శుక్రవారానికి. అప్పటికి 178 రోజులు. ఇంటికీ సామాన్లకూ వారం పోతే ఆఫీసులో ఆఖరి రోజు 18. చవితి ఉన్న 14-18 వారాన్ని మిగిలిపోయిన పనులకు ఖాళీగా ఉంచాలి. దానికి ముందు సెప్టెంబర్ 11తో ముగిసేలా నాలుగు వారాల కేటీ. అంటే మొదలవ్వాల్సింది ఆగస్టు 17న. అప్పుడు ఆగస్టు 31 మూడో వారం మొదటి రోజవుతుంది. కొత్తవాడు పని చేస్తుంటే మీరు చూడాల్సిన రోజు, నెలాఖరు జాబ్ నడిచే రాత్రీ అదే. బ్యాక్‌ఫిల్ పేరు ఖాయం కావాల్సింది ఆగస్టు 14లోపు. అందుకు నాలుగు వారాలు పడతాయనుకుంటే మేనేజర్ వెతకడం మొదలుపెట్టాల్సింది జులై మధ్యలో. కాబట్టి అతనితో ఈ మాట ఎత్తాల్సింది జూన్‌లోనే, వీసా ఇంకా చేతికి రాకముందే.

వీసా రాకముందే చెబితే, రాకపోతే పరువేం కావాలన్న సంకోచం చాలామందికి ఉంటుంది. ఆ సంకోచానికి అయ్యే ఖర్చు పైన లెక్కపెట్టిన నాలుగు వారాలు. వీసా రాకపోయినా, మీ పని తెలిసిన మనిషి టీమ్‌లో మరొకరు తయారైతే నష్టమేమీ లేదు. ఎవరైనా సెలవు పెట్టినప్పుడు పనికొస్తాడు. ఇంటర్వ్యూ తేదీ కాన్సులేట్ చేతిలో ఉంది, రోజుల లెక్క చట్టం చేతిలో ఉంది, ముహూర్తం పంచాంగం చేతిలో ఉంది. ఆగస్టు 17 ఒక్కటే మీ చేతిలో ఉంది. ముందు దాన్ని ఖాయం చేసుకుని, మిగతా తేదీలను దాని చుట్టూ సర్దుకోండి.